ఫ్రీజ్ కాస్టింగ్ రాగి ఫోమ్: రంధ్రాల శాతం లెక్కకు సరిపోయినా బలం ఎందుకు రాదు?

ప్రశ్న క్లుప్తంగా ఇది. కాపర్ ఆక్సైడ్ స్లర్రీని (నీళ్లలో కలిపిన పొడిని) అడుగు నుంచి గడ్డకట్టించి, ఫ్రీజ్ డ్రై చేసి (మంచును కరగనివ్వకుండా నేరుగా ఆవిరిగా తీసేసి), హైడ్రోజన్‌లో రెడ్యూస్ చేసి (ఆక్సిజన్ తీసేసి లోహంగా మార్చి), సింటర్ చేసి (కరగకుండా వేడితోనే రేణువులను అతికించి) రాగి ఫోమ్ తీశారు. ఫ్రీజ్ కాస్టింగ్ అంటే ఇదే. రంధ్రాలు 68 శాతం వచ్చాయి, అనుకున్నదీ అంతే. కానీ మంచు పెరిగిన దిశలో నొక్కినా 5 మెగాపాస్కల్స్ దగ్గరే ముక్క లొంగిపోతోంది. ఒకే పద్ధతిలో చేసిన మూడు దిమ్మలు మూడు రకాల ఒత్తిడి-కుదింపు వక్రరేఖలు ఇచ్చాయి. ఒకదాన్ని మధ్యకు కోస్తే లోపల ముదురు ఎరుపు మచ్చ కనిపించింది. రంధ్రాల శాతం నుంచి ఫోమ్ బలాన్ని అంచనా వేసే గిబ్సన్-ఆష్బీ సూత్రం ఇక్కడ పనికిరాదా?

సూత్రానికి వచ్చిన లోపమేమీ లేదు. దానికి మీరిచ్చిన 68 అనే సంఖ్యలోనే చిక్కు ఉంది. ఫ్రీజ్ కాస్టింగ్‌లో ఆ 68 శాతం ఖాళీ రెండు రకాలు. ఒకటి మంచు ఉన్న చోట మిగిలిన పెద్ద ఖాళీ, అంటే రేకుకీ రేకుకీ మధ్య ఉన్న సందు. మంచు పలకల మధ్య పొడి పేరుకుని ఏర్పడిన పలుచని గోడలే రేకులు. రెండోది రేకు లోపలే, పొడి రేణువుల మధ్య పూడకుండా మిగిలిన సన్న గుల్ల. మొదటిది మీరు కోరి పెట్టినది, రెండోది సింటరింగ్ సరిగా కాక మిగిలిపోయినది. తూకం వేసి కొలతలు తీస్తే రెండూ కలిసిపోయి ఒకే సంఖ్య వస్తుంది. బలం మాత్రం రెంటికీ వేరువేరుగా స్పందిస్తుంది. దీనికి రేకులు ఎటు వాలాయి, రేకును పక్క రేకుకు కలిపే వారధులు ఎంత దట్టంగా ఉన్నాయి అన్నవి తోడవుతాయి. మీ ఎర్ర మచ్చ ఇంకో సంగతి, రిడక్షన్ పూర్తికాలేదని చెబుతోంది. దాని దగ్గరకు తర్వాత వస్తాను.

ముందు, నేరుగా రాగి పొడి వాడితే సరిపోదా, ఆక్సైడ్ ఎందుకు అన్న అనుమానం చాలామందికి వస్తుంది. ద్రవంలో రేణువు ఎంత వేగంగా దిగుతుందో చెప్పే స్టోక్స్ లెక్క వేస్తే తెలిసిపోతుంది. 5 డిగ్రీల దగ్గర నీటి స్నిగ్ధత సుమారు 1.5 మిల్లీపాస్కల్-సెకను. పలుచని స్లర్రీలో 10 మైక్రాన్ల రాగి రేణువు సెకనుకు దాదాపు 290 మైక్రాన్ల వేగంతో కిందికి దిగుతుంది. మంచు అంచు పైకి ఎక్కేది సెకనుకు 20 మైక్రాన్లు. మంచు వచ్చేలోపే పొడంతా అడుగున పేరుకుంటుంది. అదే 0.1 మైక్రాన్ కాపర్ ఆక్సైడ్ రేణువు సెకనుకు 0.02 మైక్రాన్లు మాత్రమే దిగుతుంది, అంటే నిలబడి ఉన్నట్టే. అంత సన్నని రాగి లోహం పొడి నీళ్లలో వేస్తే ఎలాగూ ఆక్సైడ్ అవుతుంది, అందుకని మొదటి నుంచీ ఆక్సైడ్‌తో పోవడమే మేలు. పైగా ఆక్సైడ్ గాలిలో నిక్షేపంగా ఉంటుంది కాబట్టి రేణువులను పట్టి ఉంచడానికి జిగురుగా కలిపే బైండర్‌ని గాలిలోనే కాల్చేయవచ్చు. టైటానియానికి ఈ వెసులుబాటు లేదు, దాని ఆక్సైడ్‌ని హైడ్రోజన్ రెడ్యూస్ చేయలేదు. అందుకే 2008లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం నుంచి చినో, డునాండ్ టైటానియం ఫోమ్ చేసినప్పుడు లోహపు పొడితోనే కుస్తీ పట్టాల్సి వచ్చింది.

ఆక్సైడ్‌తో వచ్చే ఖర్చు కుంచించుకుపోవడం. ఘన సెంటీమీటరుకు గ్రాముల్లో కాపర్ ఆక్సైడ్ సాంద్రత 6.31, రాగి సాంద్రత 8.96. ఒక మోల్ ఆక్సైడ్ 12.6 ఘన సెంటీమీటర్లు ఆక్రమిస్తే, దాని నుంచి వచ్చే రాగి 7.1 మాత్రమే ఆక్రమిస్తుంది. ఘనపదార్థమే 44 శాతం తగ్గిపోతుంది. నికెల్ ఆక్సైడ్‌లో ఇది 41 శాతం, ఫెర్రిక్ ఆక్సైడ్‌లో 53, టంగ్‌స్టన్ ట్రైఆక్సైడ్‌లో 70. అంటే 15 ఘనపరిమాణ శాతం ఆక్సైడ్ ఉన్న స్లర్రీ, దిమ్మ సైజు మారకుండా రెడ్యూస్ అయితే అందులో రాగి 8.4 శాతమే. చివరికి మీకు 32 శాతం రాగి కనిపిస్తోందంటే దిమ్మ ఘనపరిమాణం దాదాపు నాలుగో వంతుకు పడిపోయింది, ప్రతి కొలతా 36 శాతం కుంచించుకుపోయింది. 25 మిల్లీమీటర్ల వ్యాసం 16 అవుతుంది, 30 మిల్లీమీటర్ల ఎత్తు 19 అవుతుంది. ఇంత కుదింపులో కింద పలక పట్టేస్తే అడుగు వెడల్పుగా మిగిలి, మెడ దగ్గర చీలుతుంది. దిమ్మను అల్యూమినా పలక మీద నేరుగా పెట్టకండి. పలక మీద ముతక అల్యూమినా పొడిని 2-3 మిల్లీమీటర్ల మందాన పరిచి దాని మీద నిలబెట్టండి, జారడానికి వీలుంటుంది.

స్లర్రీ సంగతి. 50 మిల్లీలీటర్ల స్లర్రీకి 15 ఘనపరిమాణ శాతం అంటే 47.3 గ్రాముల ఆక్సైడ్, సుమారు 42 మిల్లీలీటర్ల డీఅయొనైజ్డ్ నీరు. పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్, ఇదే బైండర్) ఆక్సైడ్ పొడి బరువులో 2.5 శాతం, అంటే 1.2 గ్రాములు. దాన్ని 80-90 డిగ్రీల నీళ్లలో ముందే విడిగా కరిగించి చల్లార్చి కలపాలి. చల్లటి స్లర్రీలో పొడిగా చల్లితే ఉండలు కడుతుంది, ఆ ఉండలు తర్వాత రేకుల్లో పెద్ద గుంటలవుతాయి. రేణువులను ఉండకట్టకుండా విడదీసే డిస్పర్సెంట్‌గా సోడియం ఉప్పు కాకుండా అమ్మోనియం పాలీఆక్రిలేట్ వాడండి, కాలితే ఏమీ మిగలదు. పొడి బరువులో 0.5 శాతంతో మొదలుపెట్టి, స్లర్రీ తేలిగ్గా పారే చోట ఆగండి. 5 మిల్లీమీటర్ల జిర్కోనియా గుండ్లతో, గుండ్లు-పొడి 2:1 బరువు నిష్పత్తిలో, 24 గంటలు మిల్ చేస్తే చాలు.

ఇక్కడ రెండు పొరపాట్లు తరచుగా జరుగుతాయి. ఒకటి, స్లర్రీ బాగా విడిపోవాలని డిస్పర్సెంట్ ఎక్కువ పోయడం. రేణువుల మీద అంటుకోగా మిగిలినది నీళ్లలో ఉండిపోతుంది. మంచు దాన్ని ముందుకు నెడుతూ పోతుంది, అంచు ముందున్న నీటి ఘనీభవన స్థానం తగ్గుతుంది, అక్కడ నీరు అతిశీతలమై ఉండిపోయి ఒక్కసారిగా అడ్డంగా గడ్డకడుతుంది. ఫలితం మంచు దిశకు అడ్డంగా సన్నని పగుళ్లు, ఐస్ లెన్స్ అంటారు. ఇవి పచ్చి దిమ్మలో కంటికి ఆనవు. కంప్రెషన్‌లో మాత్రం మొదటి లొంగుబాటు అక్కడే మొదలవుతుంది. రెండోది, పీహెచ్ సర్దడానికి అమ్మోనియా ఎడాపెడా పోయడం. స్లర్రీని కాసేపు నిలవనిచ్చి పైకి తేరిన నీరు చూడండి. నీలంగా ఉంటే రాగి అమ్మోనియాతో కాంప్లెక్స్ అయి కరుగుతోందని అర్థం. ఆ స్లర్రీని పారబోయడమే నయం. ఆమ్లం వైపు పోయినా కరుగుతుంది కాబట్టి పీహెచ్ 8-9 మధ్య ఉంచితే చాలు.

పోసే ముందు 15 నిమిషాలు వాక్యూమ్‌లో గాలి తీయాలి. నురుగు లేస్తే ఒక చుక్క ఆక్టనాల్ వేయండి. స్లర్రీని 5 డిగ్రీలకు చల్లార్చి, టెఫ్లాన్ అచ్చు గోడ వెంబడి నెమ్మదిగా పోయాలి.

గడ్డకట్టించడం దగ్గర మీ మూడు దిమ్మల తేడాకు సగం జవాబు ఉంది. అచ్చు కింద చల్లబరిచే ప్లేటును మొదటి నుంచీ ఒకే ఉష్ణోగ్రత, ఉదాహరణకు సున్నాకు 40 డిగ్రీల దిగువన ఉంచారనుకోండి. స్వచ్ఛమైన మంచుకు లెక్కేస్తే అంచు ప్లేటు నుంచి 1 మిల్లీమీటరు ఎత్తులో ఉన్నప్పుడు సెకనుకు 290 మైక్రాన్ల వేగం, 10 మిల్లీమీటర్ల దగ్గర 29, 30 మిల్లీమీటర్ల దగ్గర 10 కూడా ఉండదు. పెరిగిన మంచే వేడికి దుప్పటి అవుతుంది. అంచు వేగం తగ్గేకొద్దీ రేకుల మధ్య దూరం పెరుగుతుంది. దాంతో ఒకే దిమ్మలో అడుగున సన్న రేకులు, పైన మందపు రేకులు వస్తాయి. ఏ ఎత్తున కోశారో దాన్నిబట్టి ముక్క మారిపోతుంది.

దీనికి మందు ప్లేటు ఉష్ణోగ్రతను సమాన రేటుతో దించుతూ పోవడం. అంచు సమాన వేగంతో ఎక్కితే మంచు మందం కాలంతో పాటు సమానంగా పెరుగుతుంది, ఉష్ణోగ్రత తేడా కూడా అలాగే పెరగాలి. సెకనుకు 20 మైక్రాన్లు కావాలంటే 30 మిల్లీమీటర్లకు 25 నిమిషాలు పడుతుంది, చివరికి ప్లేటు సున్నాకు 80 డిగ్రీల దిగువకు చేరాలి, అంటే నిమిషానికి సుమారు 3.3 డిగ్రీలు. స్లర్రీలో నీరు 85 శాతమే కాబట్టి నిజంగా కొంచెం తక్కువ సరిపోతుంది. ఇంకో మాట, ఈ లెక్కలో వేగం రేటుకు వర్గమూలంగా పెరుగుతుంది. రేటును నాలుగు రెట్లు చేస్తే వేగం రెండు రెట్లే. రేకులు సగం దూరానికి తేవాలని రేటును రెండింతలు చేసి, ఏమీ మారలేదని నిరాశ పడేవాళ్లు దీన్ని గమనించరు.

సామాను పెద్దదేమీ కాదు. ద్రవ నైట్రోజన్‌లో మునిగిన రాగి కడ్డీ (దీని పైముఖమే ప్లేటు), దాని పైకొసన బ్యాండ్ హీటర్, పైముఖానికి 2 మిల్లీమీటర్ల లోపల ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్, దాన్ని చూసి హీటర్‌ను నడిపే పీఐడీ కంట్రోలర్. అచ్చు కింద ఓ-రింగ్ లేదా పలుచగా వాక్యూమ్ గ్రీజు. వానాకాలంలో కడ్డీ ముఖం మీద తేమ పేరుకుని సన్నని మంచు పొర కడుతుంది. ఆ పొర మీద స్లర్రీ పోస్తే మంచు పుట్టుక ఎక్కడపడితే అక్కడ మొదలవుతుంది. ప్లేటు 5 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడే తుడిచి, అచ్చు బిగించి, స్లర్రీ పోసి, ఆ తర్వాతే చలి మొదలుపెట్టండి.

అన్నీ సరిగా చేసినా అడుగున కొంత భాగం పనికిరాదు. మొదట నీరు అతిశీతలమై ఒక్కసారిగా గడ్డకట్టేటప్పుడు రేణువులను నెట్టే తీరిక మంచుకు ఉండదు, మింగేస్తుంది. కాబట్టి అడుగున రంధ్రాలు లేని గట్టి పొర, దాని పైన గజిబిజి గదులు, ఆ పైన రేకులు. మంచు స్ఫటికం ఒక అక్షం వెంట మందకొడిగా, దానికి అడ్డంగా ఎన్నో రెట్లు వేగంగా పెరుగుతుంది. అందుకే పలకలు పలకలుగా పోతుంది, వాలుగా ఉన్నవి వెనకబడి నిటారువి గెలుస్తాయి. ఈ పోటీ ముగిసేదాకా ఉన్న భాగం, సింటర్ అయ్యాక కొలిస్తే కనీసం 3 మిల్లీమీటర్లు, కోసి పక్కన పెట్టండి. ఆ ముక్కను తూకంలో కలిపినా రంధ్రాల శాతం తప్పుగా వస్తుంది.

నిటారుగా గెలిచినా పైనుంచి చూస్తే రేకులన్నీ ఒకే వైపు ఉండవు. చిన్నచిన్న మడుల్లా డొమెయిన్లు ఉంటాయి, ఒక మడిలో రేకులు తూర్పుకు ముఖం పెడితే పక్క మడిలో ఉత్తరానికి. ఒక్కో మడి కొన్ని మిల్లీమీటర్లు ఉండొచ్చు. 2015లో బర్క్‌లీ పరిశోధకులు చూపిన రెండు దిశల ఫ్రీజింగ్ దీనికి సులువైన విరుగుడు. ప్లేటుకూ స్లర్రీకీ మధ్య ఏటవాలుగా కోసిన సిలికోన్ రబ్బరు ముక్క పెడతారు. పలుచని వైపు ముందు చల్లబడుతుంది, మంచు ఆ వైపు నుంచి అడ్డంగా పాకుతూ నిలువుగా ఎక్కుతుంది, దిమ్మంతా దాదాపు ఒకే మడి అవుతుంది. ముక్కకూ ముక్కకూ తేడా తగ్గించాలంటే మీరు ముందు చేయాల్సిన పని ఇదే అని నా అభిప్రాయం.

ఫ్రీజ్ డ్రైయింగ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పీడనం 611 పాస్కల్స్ కంటే చాలా దిగువన ఉండాలి. సున్నాకు 20 డిగ్రీల దిగువన మంచు ఆవిరి పీడనం 103 పాస్కల్స్, 40 డిగ్రీల దిగువన 13. షెల్ఫ్‌ను తొందరపడి వెచ్చజేస్తే లోపల మంచు కరిగి రేకులు అతుక్కుంటాయి. 25 మిల్లీమీటర్ల దిమ్మకు 48 గంటలు ఇచ్చి, 4 గంటల తేడాలో తూకం మారకపోతేనే తీయండి.

ఇప్పుడు ఎర్ర మచ్చ. 25 మిల్లీమీటర్ల వ్యాసం, 30 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న ఒక్క దిమ్మలో దాదాపు 14 గ్రాముల కాపర్ ఆక్సైడ్ ఉంటుంది, అంటే 0.176 మోల్. దానికి అంతే మోల్ హైడ్రోజన్, గది ఉష్ణోగ్రతలో 4.3 లీటర్లు కావాలి. మీరు వాడేది 5 శాతం హైడ్రోజన్ మిశ్రమం అయితే 86 లీటర్ల గ్యాస్. నిమిషానికి 200 మిల్లీలీటర్లు పంపితే, వచ్చిన హైడ్రోజన్‌లో ఒక్క అణువూ వృథా కాకుండా పట్టినా 7 గంటల పైన పడుతుంది. 300 డిగ్రీల దగ్గర 2 గంటలు ఉంచి పైకి పోయారంటే మూడో వంతు కూడా రెడ్యూస్ కాలేదు. మూడు దిమ్మలు ఒకేసారి కొలిమి ట్యూబులో పెట్టారా? అయితే అవసరం 258 లీటర్లు, గ్యాస్ వచ్చే వైపున్న దిమ్మ ముందు తింటుంది, చివరిది పస్తుంటుంది. మూడు వక్రరేఖల్లో తేడాకు మిగతా సగం జవాబు ఇక్కడ ఉండొచ్చు.

ఆక్సైడ్ లోపల మిగిలి ఉండగా వేడి పెంచితే రెండు నష్టాలు. బయటి రాగి 500-600 డిగ్రీల దగ్గరే సింటర్ అయి రేకుల పైముఖాన్ని మూసేస్తుంది, లోపలి ఆక్సైడ్‌కి గ్యాస్ అందే దారి పోతుంది. ఆ తర్వాత హైడ్రోజన్ అణువులుగా కాక పరమాణువులుగా రాగిలోంచి చొరబడి లోపలి ఆక్సైడ్‌తో కలిసి నీటి ఆవిరి అవుతుంది. ఆవిరి రాగిలోంచి బయటికి రాలేదు. పీడనం పెరిగి గ్రెయిన్ల (లోహంలోని చిన్న స్ఫటికాల) సరిహద్దులు విడిపోతాయి, బొబ్బలు లేస్తాయి. ఆక్సిజన్ ఉన్న రాగి తీగలకు పట్టే హైడ్రోజన్ జబ్బే ఇది. అలాంటి రేకు నొక్కితే సాగకుండా విరుగుతుంది, వక్రరేఖ రంపపు పళ్లలా వస్తుంది.

కాబట్టి క్రమం ఇలా పెట్టండి. గాలిలో నిమిషానికి 1 డిగ్రీ చొప్పున 300 డిగ్రీల దాకా, అక్కడ 2 గంటలు, పీవీఏ పోతుంది. ఈ దశలో దిమ్మకు బైండర్ లేదు, లోహం లేదు, చేత్తో తాకితే రాలిపోతుంది. అదే ట్యూబులో, కదపకుండా, నైట్రోజన్‌తో గాలిని తోసేయండి. 50 మిల్లీమీటర్ల వ్యాసం, మీటరు పొడవున్న ట్యూబు సుమారు 2 లీటర్లు, దానికి 10 రెట్లు అంటే 20 లీటర్లు పంపాలి. తర్వాత 5 శాతం హైడ్రోజన్-నైట్రోజన్ మిశ్రమం, 250 నుంచి 300 డిగ్రీల మధ్య, పై లెక్కకు కనీసం ఒకటిన్నర రెట్ల సమయం. చివర గొట్టంలో నీటి చుక్కలు చేరుతుంటాయి, ఒక దిమ్మకు 3 గ్రాముల పైన నీరు వస్తుంది. చుక్కలు ఆగి, గొట్టం ఆరేదాకా పైకి పోవద్దు. ఆ తర్వాత నిమిషానికి 3 డిగ్రీలతో 850 దాకా, అక్కడ 4 నుంచి 6 గంటలు. రాగి 1085 దగ్గర కరుగుతుంది కాబట్టి ఇంకా పైకి పోవచ్చు కానీ రేకులు వంగడం, పక్క రేకులు అతుక్కోవడం మొదలవుతుంది. చల్లారాక 60 డిగ్రీల దిగువకు వచ్చేదాకా ట్యూబు తెరవకండి.

స్వచ్ఛ హైడ్రోజన్ పెడితే త్వరగా అయిపోతుంది కదా అంటారు. ఈ చర్య వేడి పుట్టిస్తుంది, మోల్‌కు సుమారు 85 కిలోజౌల్స్. 5 శాతం మిశ్రమం నిమిషానికి 200 మిల్లీలీటర్ల చొప్పున వస్తే పుట్టే వేడి అర వాట్ పైచిలుకు, దిమ్మ తట్టుకుంటుంది. అదే స్వచ్ఛ హైడ్రోజన్ అయితే దాదాపు 12 వాట్లు, అదీ 14 గ్రాముల గుల్ల దిమ్మలో. కంట్రోలర్ 300 చూపిస్తుంటే దిమ్మ లోపల చాలా ఎక్కువ ఉంటుంది, పైముఖం ముందే మూసుకుంటుంది. పేలుడు ప్రమాదం సరేసరి, గాలిలో 4 నుంచి 75 శాతం దాకా హైడ్రోజన్ అంటుకుంటుంది. 5 శాతం మిశ్రమం కూడా ఆర్గాన్‌లో కన్నా నైట్రోజన్‌లో ఉన్నదే నయం, ఆర్గాన్ వేడిని తక్కువ పీల్చుకుంటుంది కాబట్టి దాంట్లో మంట అంటుకునే హద్దు ఇంకా కిందికి ఉంటుంది.

రిడక్షన్ పూర్తయిందా లేదా అన్నదానికి ఎక్స్‌రే కన్నా తూకం చవక. కాపర్ ఆక్సైడ్ పూర్తిగా రాగి అయితే బరువు 20.1 శాతం తగ్గాలి. పచ్చి దిమ్మ బరువులోంచి పీవీఏ, డిస్పర్సెంట్ వాటా తీసేసి లెక్కవేయండి. 17 శాతమే తగ్గిందంటే ఆక్సిజన్‌లో ఆరో వంతు ఇంకా లోపలే ఉంది. ఎరుపు రంగు క్యూప్రస్ ఆక్సైడ్‌ది, సగం దారిలో ఆగిన గుర్తు.

ఇక బలం. మెత్తబడ్డ రాగి లొంగుబాటు బలాన్ని, అంటే తిరిగి కోలుకోకుండా నలగడం మొదలయ్యే ఒత్తిడిని, 50 మెగాపాస్కల్స్ అనుకుందాం. సాపేక్ష సాంద్రత, అంటే మొత్తంలో రాగి వాటా, 0.32. అన్ని దిక్కులా ఒకేలా ఉండే తెరిచిన గదుల ఫోమ్‌కు గిబ్సన్-ఆష్బీ: 0.3 ను 50తో, 0.32 కు ఒకటిన్నర ఘాతంతో గుణిస్తే 2.7 మెగాపాస్కల్స్. రేకులన్నీ నిటారుగా, తిన్నగా, గట్టిగా ఉండి వాటి నిడివి వెంట నొక్కితే మిశ్రమ నియమం: 50 గుణించు 0.32, అంటే 16. మొదటి లెక్కలో గోడలు వంగి లొంగుతాయి, రెండో లెక్కలో నిలువునా నలుగుతాయి. మీ 5 ఈ రెంటి మధ్య, కింది వైపు ఉంది. నిటారు దిశలో తీసుకున్న ముక్క కూడా ఎక్కువ భాగం వంగుతూ లొంగుతోందని అర్థం.

రేకు మెలికపడి కూలుతోందా (బక్లింగ్) అన్నది కూడా చూడాలి. రెండు వారధుల మధ్య రేకును రెండు చివర్లా కీలు వేసిన పలకగా తీసుకుంటే, రాగి ఎలాస్టిక్ గుణకం 120 గిగాపాస్కల్స్‌కు, బక్లింగ్ ఒత్తిడి సుమారు 1,12,000 మెగాపాస్కల్స్‌ను మందం-నిడివి నిష్పత్తి వర్గంతో గుణిస్తే వస్తుంది. 20 మైక్రాన్ల రేకు, 200 మైక్రాన్లకో వారధి: 1,100 మెగాపాస్కల్స్ పైన, అంటే రాగి లొంగిపోతుందే తప్ప మెలికపడదు. వారధులు లేక 2 మిల్లీమీటర్ల నిడివి ఖాళీగా ఉంటే 11 మెగాపాస్కల్స్ దగ్గరే కూలుతుంది. రెండూ సమానమయ్యే చోటు, నిడివి మందానికి 47 రెట్లు. 20 మైక్రాన్ల రేకుకు దాదాపు 1 మిల్లీమీటరు. ఎస్‌ఈఎమ్‌లో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) నిలువు కోత చూసి వారధుల మధ్య దూరం కొలవండి. ఆ దూరం మందానికి 20-30 రెట్ల లోపుంటే బక్లింగ్‌ను నిందించక్కర్లేదు. అది దాటితే స్లర్రీ నీళ్లలో 2-4 శాతం సుక్రోజ్ కలిపి చూడవచ్చు, రేకుల ముఖం గరుకై వారధులు పెరుగుతాయి. రేకుల మధ్య సందు ఆ మేరకు మూసుకుపోతుంది. ఫోమ్‌లోంచి ద్రవం పారాల్సిన పనైతే ఇది నష్టం.

వాలు సంగతి చిన్నదిగా కనిపించి పెద్ద దెబ్బ కొడుతుంది. 10 మిల్లీమీటర్ల ఘనంలో రేకులు 15 డిగ్రీలు వాలితే పైకొసకూ అడుగుకూ 2.7 మిల్లీమీటర్ల పక్కజరుగు. అంటే రేకుల్లో పావు వంతు పై ప్లేటు నుంచి కింది ప్లేటు దాకా చేరనే చేరవు, పక్క గోడలోంచి బయటికి పోతాయి. అవి బరువు మోయవు, పక్కవాటిని వంచుతాయి. దిమ్మ కోసేటప్పుడు అచ్చు అక్షాన్ని కాక రేకుల దిశను ఆధారంగా తీసుకోండి. పక్కముఖం ఒకటి నునుపు చేస్తే మామూలు స్టీరియో మైక్రోస్కోప్‌లోనే వాలు కనిపిస్తుంది.

సన్న గుల్లను విడదీయడం ఇలా. రేకు అడ్డకోతను 500 నుంచి 1,000 రెట్లు పెద్దదిగా మైక్రోస్కోప్ ఫొటోలు 10-15 చోట్ల తీసి రేకు లోపలి ఖాళీ వాటా కొలవండి. అది 20 శాతం అనుకుందాం. అప్పుడు మొత్తం 0.32 రాగి, రేకులు ఆక్రమించిన చోటు 0.32 భాగించు 0.8, అంటే 0.40. నిజమైన మంచు ఖాళీ 68 కాదు, 60 శాతం. సూత్రంలో సాపేక్ష సాంద్రతగా 0.40 పెట్టి, లోహపు బలంగా 50 కాక 20 శాతం గుల్ల ఉన్న సింటర్డ్ రాగి బలం పెట్టాలి. ఆ బలం ఖాళీ వాటా కన్నా వేగంగా పడిపోతుంది, ఎందుకంటే రేణువుల మధ్య మెడలే బరువు మోస్తాయి, మెడలు సన్నగా ఉంటాయి. విడిగా అదే పొడిని నొక్కి, అదే షెడ్యూల్‌లో సింటర్ చేసి, అదే గుల్ల వచ్చిన బిళ్లను పరీక్షిస్తే ఆ సంఖ్య మీకే దొరుకుతుంది. ఈ పని ఎవరూ చేయరు, చేసినవాళ్ల గ్రాఫులే నమ్మదగ్గవి.

పరీక్ష విషయానికి ఐఎస్ఓ 13314 చూడండి, రంధ్రాలున్న లోహాల కంప్రెషన్ పరీక్షకు అంతర్జాతీయ ప్రమాణం అది. ముక్క ప్రతి కొలతా సగటు రంధ్రానికి 10 రెట్లు, 10 మిల్లీమీటర్లకు తగ్గకుండా ఉండాలంటుంది. మీ రంధ్రం 50 మైక్రాన్లయితే 10 మిల్లీమీటర్లలో 200 రంధ్రాలు, నిబంధన తేలిగ్గా దాటిపోతుంది. కానీ మడులు 3-4 మిల్లీమీటర్లు ఉంటే ఆ ముక్కలో ఉన్నవి పది మడులు కూడా కాదు, ఆ పది ఎటు తిరిగి ఉన్నాయన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. నిబంధన పాటించామని తృప్తిపడితే ఇక్కడ మోసపోతాం. కనీసం 5 ముక్కలు, ప్రతిదాని పైముఖం ఫొటో తీసి మడుల పటం ఉంచుకోండి.

కోతకు వైర్ ఈడీఎమ్ (తీగ నుంచి విద్యుత్ రవ్వలతో కోసే పద్ధతి) బాగుంటుంది. డైమండ్ రంపంతో కోస్తే రాగి పూసుకుని రంధ్రాల మూతులు మూసుకుంటాయి, మైనం నింపి కోసినా పూర్తిగా తప్పదు. కోశాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో అల్ట్రాసోనిక్ చేసి, వాక్యూమ్‌లో ఆరబెట్టి, తర్వాతే తూకం వేయండి.

లోడింగ్ వేగం 10 మిల్లీమీటర్ల ముక్కకు నిమిషానికి 0.6 మిల్లీమీటర్లు పెడితే వికృతి (ఎత్తులో ఎంత వాటా కుదిరిందన్నది) రేటు సెకనుకు 0.001. మొదటి వాలు నుంచి ఎలాస్టిక్ గుణకం తీయకండి, ముఖాల మీద పొడుచుకొచ్చిన రేకులు ముందే నలుగుతాయి కాబట్టి అది ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. ప్లాటో ఒత్తిడిలో (లొంగిన తర్వాత వక్రరేఖ సాగే మధ్య భాగపు ఒత్తిడి) 70 శాతం దాకా ఎక్కి, 20 శాతానికి దించి, మళ్లీ ఎక్కేటప్పుడు వచ్చిన వాలు తీసుకోవాలి. క్రాస్‌హెడ్ (యంత్రంలో కదిలే దూలం) కదలికను నమ్మవద్దు. 100 చదరపు మిల్లీమీటర్ల ముక్క మీద 5 మెగాపాస్కల్స్ అంటే 500 న్యూటన్లే, ఆ దశలో ముక్క కుదింపు కొన్ని మైక్రాన్లే, యంత్రం చట్రం కుదింపు కూడా దాదాపు అంతే ఉంటుంది. ప్లేట్ల మధ్యే కదలికను నేరుగా కొలిచే ఎల్‌వీడీటీ గానీ ఎక్స్‌టెన్సోమీటర్ గానీ పెట్టండి.

వక్రరేఖలో అల్యూమినియం ఫోమ్‌లా చదునైన ప్లాటో కోసం వెతకవద్దు. మెత్తని రాగి నొక్కేకొద్దీ గట్టిపడుతుంది, కాబట్టి రేఖ ఏటవాలుగా ఎక్కుతూనే ఉంటుంది. లొంగుబాటును, విడిచాక కూడా మిగిలే వికృతిలో 0.2 శాతం ఆఫ్‌సెట్ దగ్గర చెప్పారా, 1 శాతం దగ్గర చెప్పారా అన్నది రాయకపోతే ఇతరుల అంకెలతో పోల్చడం అర్థంలేని పని. ప్లాటో ఒత్తిడిని 20 నుంచి 40 శాతం వికృతి మధ్య సగటుగా ఇవ్వండి. రంధ్రాలు మూసుకుని ముక్క పూర్తిగా నిండిపోవడం ఒకటిలోంచి 1.4 రెట్ల సాపేక్ష సాంద్రత తీసేస్తే వచ్చే చోట, అంటే మీకు 55 శాతం దగ్గర మొదలవ్వాలి. 40 శాతం దగ్గరే రేఖ నిలువుగా లేస్తుంటే అడుగు గట్టి పొర ముక్కలో ఉండిపోయిందని అనుమానించండి. రేకులకు అడ్డంగా నొక్కిన ముక్కలో మొదటి శిఖరం ఉండదు, రేకులు మొదటి క్షణం నుంచే వంగుతాయి. అడ్డం బలం నిలువు బలానికి దగ్గరగా వచ్చిందంటే రేకులు సమంగా లేవు, లేదా వారధులు బాగా దట్టంగా ఉన్నాయి. ఏది అన్నది మైక్రోస్కోప్ చెబుతుంది.

ఇప్పటికే చేతిలో ఉన్న మూడు దిమ్మలకు కొత్తగా ఏమీ కాల్చకుండా చేయగలిగింది ఉంది. మొదట పాత తూకాలు తీసి 20.1 శాతంతో పోల్చండి. తక్కువ ఉన్న దిమ్మను బలం గ్రాఫులోంచి తీసేయండి, మళ్లీ రెడ్యూస్ చేయాలని చూడకండి, 850 డిగ్రీలు చూసిన దిమ్మలో మూసుకున్న ఆక్సైడ్‌కి ఇక దారి లేదు, బొబ్బలే మిగులుతాయి. మిగతా వాటికి పక్కముఖం నునుపు చేసి వాలు కొలవండి, తర్వాత పరీక్షలో నలిగిన ముక్కల్లోనే అడ్డకోత తీసి రేకు లోపలి గుల్ల చూడండి. నలిగినా, రేకు మధ్యలో మెలికపడని చోట్లు ఎప్పుడూ దొరుకుతాయి. తర్వాతి దిమ్మకు ట్యూబులో ఒక్కటే పెట్టి, 300 డిగ్రీల దగ్గర రాత్రంతా వదిలి, ఉదయం గొట్టం ఆరిందో లేదో చూసి వేడి పెంచండి.